మచ్చల కుక్కనే ఎందుకు తెచ్చుకున్నానంటే

జనగామలో మా కాలనీలో కుక్కను నడిపించుకుంటూ వెళ్ళే ఎవరినైనా ఆపి, ‘ఈ జాతినే ఎందుకు తెచ్చుకున్నారు?’ అని అడగండి. ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పరు. బియ్యం మిల్లు ఆసామిని అడిగితే రాట్‌వైలర్ కాపలాకంటాడు. ఆయన మిల్లు ముందు ఎప్పుడూ లారీలు, హమాలీలు, నానా జనం. అక్కడ దొంగతనానికి రావాలన్నా సందు దొరకదు. అసలు సంగతేమిటంటే పక్క మిల్లు వాడికి అల్సేషన్ ఉంది, దానికంటే భయంకరమైనది ఈయనకు కావాలి. రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన మంచు దేశాల కుక్కను, అదే హస్కీని, తెచ్చాడు. ఏప్రిల్ వచ్చిందంటే అది ఏసీ గదిలో, ఆయన తల్లి వరండాలో ఫ్యాను కింద. ‘దానికి ఎండ పడదన్నా’ అన్నాడు. ‘మీ అమ్మకు పడుతదా?’ అని అడిగేశాను. అప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే బండి వేగం పెంచుతాడు.

నేను మచ్చల కుక్కను తెచ్చినప్పుడు ‘చూడ్డానికి బాగుందని’ అని అందరికీ చెప్పుకున్నాను. డాల్మేషియన్ అంటారు దాన్ని, తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు. చూడ్డానికి బాగుంటుంది, అది నిజమే. కానీ నేను తెచ్చింది అందుకు కాదు. అసలు కారణం ఇప్పుడు రాస్తున్నాను, అదీ నా భార్య చదివి సరేనన్నాకే.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. భూపాలపల్లి బొగ్గు గనిలో పాతికేళ్ళకు పైగా డ్రిల్లు యంత్రం నడిపాను. చెవుల్లో పెట్టుకొమ్మని ఇచ్చిన బిరడాలను జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. చెవుడు ఒక్కసారిగా రాలేదు. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి. పిచ్చుకలు పోయాయి, కుక్కరు విజిల్ పోయింది, గేటు బెల్లు పోయింది. ఆ తర్వాత నా భార్య గొంతు పోయింది. ఆమెది సన్నని గొంతు. లారీ హారను, డప్పు, మగవాళ్ళ బొంగురు గొంతులు మాత్రం ఎంతో కొంత వినిపించేవి. కాబట్టి నాకు చెవుడు లేదని, ఆమే నోట్లో గొణుక్కుంటోందని పదేళ్ళు వాదించాను.

చెవి మిషను పెట్టుకొమ్మని ఆమె పోరేది. నేను పెట్టుకోనంటే పెట్టుకోనని మొండికేశాను. కారణం చిన్నదే. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక చెవిటి ముసలాయన ఉండేవాడు. వెనక నుంచి ‘ఓ చెవిటోడా’ అని కేకేసి, ఆయన తిరగకపోతే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ గుంపులో అందరికంటే ముందుండేది నేను. ఆ కేక నా వెనక కూడా వస్తుందని నాకు భయం. మిషను పెట్టుకుంటే నాకు నేనే బోర్డు కట్టుకున్నట్టు కదా అనిపించేది.

రిటైరయ్యాక ఆమె పుట్టిన ఊరని జనగామలో ఇల్లు కట్టుకున్నాం. ఆమె బస్టాండు దగ్గర బ్లౌజులు కుట్టే దుకాణం పెట్టింది. పొద్దున తొమ్మిదికి వెళ్ళి రెండింటికి అన్నానికి వస్తుంది. ఇంట్లో ఉండేది నేను. మా వైపు కోతుల బాధ ఎక్కువ. గోడ దూకేవి ఎలాగూ దూకుతాయి, గేటు ఊరికే వేస్తే మాత్రం తీసుకుని గుంపంతా వంటింటి దాకా వచ్చేస్తుంది. అందుకని లోపలి నుంచి గొళ్ళెం పెట్టి, దానికి ఇనుప తీగ చుట్టి మరీ కూర్చుంటాను.

ఒకరోజు మధ్యాహ్నం కుండపోత వాన. ఆమె గేటు దగ్గరికొచ్చి బెల్లు కొట్టింది, పిలిచింది, ఫోను చేసింది. నేను టీవీ ముందు హాయిగా కాళ్ళు చాపుకుని ఉన్నాను. గంటసేపు తడిసింది పాపం. సంచిలో ఎవరివో పెళ్ళి బ్లౌజులు, అవీ తడిశాయి. చివరికి మా పక్కింటి భాయ్ చూసి, గోడ దూకొచ్చి తలుపు బాదాడు. ఆ బాదుడు వినిపించింది.

ఆమె అరవలేదు. అరిస్తే నాకు ధైర్యంగా ఉండేది. తల తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి అంది.

“ఇగో, ఇను. ఇనపడకుంటే నా మూతి చూడు. ఇంకొక్కపారి నన్ను గేటు బయట నిలవెట్టినవంటే, బస్సెక్కి భూపాలపల్లికి బిడ్డ దగ్గరికి పోత. మల్ల రమ్మంటె రాను.”

మా అమ్మాయి ఉద్యోగం భూపాలపల్లిలోనే. ఇక నా భార్య ఊరికే బెదిరించే మనిషి కాదు. బ్లౌజు రేపు ఇస్తానంటే రేపే ఇస్తుంది. అయినా మిషను మాట ఎత్తకుండా, ఎంతో తెలివైనవాణ్ణి కదా, వేరే ఉపాయం ఆలోచించాను. ఒక కుక్కను తెచ్చుకుంటే సరి. గేటు దగ్గరికి ఎవరొచ్చినా అది మొరుగుతుంది, ఆ మొరుగు నాకు వినిపిస్తుంది. నా చెవి పని అది చేస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

ఏ జాతి మంచిదో కనుక్కోవడానికి భాయ్‌ని వెంటేసుకున్నాను. ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు కాబట్టి జనగామలో ఎక్కని గడప లేదు.

“మా ఇంట్ల కుక్కను పెట్టుకోం అన్న, మా అమ్మీ ఒప్పుకోదు. గాని నన్ను కరువని జాతి లేదు జనగామల. ఏది కావాల్నో అడుగు, దాని పండ్లెట్లుంటయో చెప్త” అన్నాడు.

రెండు వారాలు తిరిగాం. నేను ఇంటింటికీ పోయి కుక్క అందం చూడలేదు, జాతి చూడలేదు. గేటు బయట నిలబడి, అది మొరిగితే వినిపిస్తుందా లేదా అని చూశాను. పొమేరియన్ నోరు తెరిచి మూస్తోంది తప్ప నాకేం వినిపించలేదు. లాబ్రడార్ మొరగనే లేదు, వచ్చి నా చెయ్యి నాకింది. రాట్‌వైలర్ మొరుగు బ్రహ్మాండంగా ఉంది గానీ, ఆ నోరు చూశాక భాయ్ పోయి అక్కడున్న కారు వెనక దాక్కున్నాడు.

చివరికి మరిపెడలో ఒక పత్తి రైతు ఇంట్లో డాల్మేషియన్లు ఉన్నాయంటే వెళ్ళాం. వాళ్ళింటికి ఇంకా రెండిళ్ళ దూరం ఉందనగా మొరుగు వినిపించింది. చెయ్యి చెవికి అడ్డం పెట్టకుండా, ఎవరినీ ‘ఆఁ?’ అని అడగకుండా, అంత స్పష్టంగా నేను ఒక చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! రోడ్డు మధ్యలో అట్లాగే నిలబడిపోయాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏమైందన్న, ఖైరియత్?” అన్నాడు భాయ్.

“గీ జాతే. ఇంకోటి వద్దు” అన్నాను. నేను మచ్చల కుక్కను తెచ్చుకోవడానికి కారణం ఇదీ. దాని తల్లి మొరుగు నాకు వినిపించింది.

ఎనిమిది పిల్లలున్నాయి. ఏది మంచిదో తేల్చే పరీక్ష నాకు తెలుసు. మాది అసలు కొత్తగూడ వైపు, అడవి అంచున మక్కజొన్న చేన్లు. అడవిపందులు పడకుండా చేను దగ్గర రేకుడబ్బాలు కొడతారు. ఆ చప్పుడుకు బెదిరే కుక్క చేనుకు పనికిరాదు. అందుకని మా బాపు కుక్కపిల్లను తెచ్చేముందు, అవన్నీ పాలు తాగుతుంటే వెనక నుంచి పళ్ళెం మీద గట్టిగా కొట్టేవాడు. పారిపోయినవాటిని వదిలేసి, పారిపోకుండా తాగేదాన్ని ఎత్తుకొచ్చేవాడు.

ఆ రైతు భార్యను ఒక ఇత్తడి పళ్ళెం, గరిటె అడిగి తీసుకున్నాను. పిల్లలు వరసగా గిన్నె దగ్గర ఉన్నాయి. వెనక నిలబడి నా బలమంతా పెట్టి కొట్టాను. భాయ్ చెవులు మూసుకున్నాడు. ఏడు పిల్లలు ఏడు దిక్కులకు ఉరికాయి. ఒకటి మాత్రం తల కూడా ఎత్తలేదు. మరో రెండుసార్లు కొట్టాను. ఊహూఁ. తోక ఊపుకుంటూ మిగిలినవాటి పాలు కూడా తాగేసింది. ఒక కన్ను నలుపు, ఒక కన్ను నీలం.

“శభాష్! గుండెకాయంటే గిది” అని చంకనేసుకున్నాను. నా అంత తెలివైనవాడు మరిపెడ, జనగామల మధ్య లేడని బస్సులో నవ్వుకుంటూ వచ్చాను.

దానికొక మంచి పేరు పెట్టాం. ఆ పేరును అది ఎన్నడూ వినలేదు కాబట్టి ఇక్కడ రాయడం దండగ.

వినలేదని అప్పుడు నాకేం తెలుసు? దీపావళికి కాలనీ అంతా బాంబులు పేలుస్తుంటే మిల్లు ఆసామి రాట్‌వైలర్ మంచం కింద దూరిందట. మాది వాకిట్లో వెల్లకిలా పడి నిద్రపోయింది. పెళ్ళి ఊరేగింపు డీజే పెట్టుకుని మా గేటు ముందు అరగంట ఎగిరినా చెవి కదపలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మా బాపు పరీక్ష కథ చెప్పి, “ధైర్యం అనేది జాతిల ఉండదు, ఏరుకునేటోని కండ్లల ఉంటది” అని ఉపన్యాసం ఇచ్చాను. మనుషులు కళ్ళెదురుగా కనిపిస్తే మాత్రం బాగా మొరిగేది. ఇంకేం, నాకు వినిపించేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నన్ను ఎవరో భుజం పట్టి కుదిపారు. కళ్ళు తెరిస్తే భాయ్. ఆయన వెనక, తెరిచిన గేటు దగ్గర నా భార్య. మళ్ళీ గోడ దూకాడన్నమాట. నేను వరండాలో వాలు కుర్చీలో పడి నిద్రపోయాను, నా పక్కన కుక్క. మా ఇద్దరి మధ్యా నాలుగైదు అరటి తొక్కలు.

తర్వాత భాయ్ చెప్పాడు. ఆమె గేటు అవతల నుంచి పిలుస్తుండగానే మూడు కోతులు గోడ దిగి, బల్ల మీది అరటిపళ్ళను తెచ్చి, సరిగ్గా మా మధ్య కూర్చుని తీరిగ్గా తిన్నాయట. ఆమె అరుస్తూ గేటు మీద రాయితో కొట్టిందట. కోతులు అదిరిపడి పారిపోయాయట. మేమిద్దరం కదలలేదట.

ఆమె నావైపు చూడలేదు. నిద్రపోతున్న కుక్క వెనకగా వెళ్ళి వంగి, దాని చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంకోసారి కొట్టింది. వంటింట్లోంచి మూత తెచ్చి నేల మీద విసిరేసింది. కుక్క కాలు సాగదీసుకుని అటు తిరిగి పడుకుంది. ఆమెకు నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కిందికి జారి కూర్చుని నవ్వింది. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది.

మర్నాడు పశువుల దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ తాళాలగుత్తి ఆడించి, ఈల వేసి, తేల్చి చెప్పింది. ఈ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువేనట. నీలం కన్నున్నవాటిలో మరీ ఎక్కువట. కొత్తగూడలో ఉండే మా అక్కకు నా భార్య ఫోను చేసి అంతా చెప్పింది. అవతల నుంచి అక్క చెప్పినదాన్ని నా మొహం మీదే గట్టిగా అప్పజెప్పింది.

“బాపు పళ్ళెం కొట్టి, పిల్ల తలకాయ తిప్పి చూస్తదా లేదా అని చూసేదంట. తిప్పి చూసి, బెదరకుండ మల్ల తాగాలెనంట. నువ్వు సగమే నేర్చుకున్నవంట. చిన్నప్పటి సంది గంతేనంట.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ నవ్వులపాలయ్యాను కదా. “మరిపెడ పోయి మార్చుకొస్త. వేరే పిల్ల ఇయ్యకుంటె వాని సంగతి చెప్త!” అని చెప్పులేసుకున్నాను.

ఆమె కుక్క మెడ మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. “ఇనపడనోల్లను మార్చుకునుడే ఉంటె, నేను ముందుగాల ఎవల్ని మార్చుకోవాలె?” అంది.

ఆ మాట కూడా గట్టిగానే అంది. చెప్పులు విప్పేశాను.

బ్యాగు మాత్రం సర్దుకుంది. తీసుకెళ్ళి తలుపు పక్కన పెట్టింది. “దీనికి నాలుగు సైగలు నేర్పేదాక ఉంట. నీకు నేర్పుడు నాతోని కాదు” అని చెప్పింది. ఆ బ్యాగు అక్కడే ఉండేది. నేను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా కాలికి తగిలేది.

దుకాణం నుంచి రాగానే కుక్కతో కూర్చునేది. నేలను పాదంతో తడితే తిరిగి చూడాలి. చేతులు రెండూ చాపితే రావాలి, అరచెయ్యి చూపిస్తే కూర్చోవాలి. గేటు దగ్గరికి రాగానే ఒక కర్రకు కట్టిన పసుపుపచ్చ బ్లౌజు గుడ్డను గోడ మీంచి ఊపేది. అది చూడగానే కుక్క వాకిలి దద్దరిల్లేలా మొరగాలి, నేను పోయి గేటు తియ్యాలి. రెండు నెలలకు కుక్కకు అన్నీ వచ్చేశాయి. మధ్యాహ్నం రెండు కావస్తోందంటే చాలు, పోయి గోడకేసి చూస్తూ కూర్చునేది. ఇన్నేళ్ళలో నాకా బుద్ధి ఒక్కరోజూ పుట్టలేదు.

ఆమె నోరు మాత్రం ఎప్పుడూ ఆడుతూనే ఉండేది, కుక్క వైపు చూస్తూ. చదువు చెబుతూ తిడుతోందేమో అనుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం అన్నం తింటూ చెప్పింది. “దీనికన్ని వచ్చినయ్. ఆదివారం పోత.”

“ఇప్పుడు గేటు తీస్తున్న గదా!” అన్నాను.

“గేటు తీసెటోడు దొరికిండు. మాట్లాడెటోడు కావాలె” అంది.

కంచం పక్కకు జరిపాను. మా ఊరి చెవిటి ముసలాయనా, ఆయన వెనక కేకలూ గుర్తొచ్చాయి. నా వెనక ఎవరు కేకేస్తే నాకేంటి, ముందున్న మనిషే లేచి వెళ్ళిపోతుంటే! శనివారం పొద్దున్నే ఆమె దుకాణానికి వెళ్ళగానే భాయ్‌ని తీసుకుని హనుమకొండ బస్సెక్కాను. పరీక్షలు చేసి, కొలతలు తీసుకుని, సాయంత్రానికి మిషను పెట్టారు. తిరుగు బస్సులో కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే బస్సు విడిపోతుందేమోనని లేచి నిలబడ్డాను.

“బైఠో అన్న, రోజు గిట్లనే ఉంటది” అన్నాడు భాయ్. ఆయన గొంతు నేననుకున్నంత బొంగురు కాదు. నాతో మాట్లాడాలంటే బొంగురు చేసుకునేవాడట.

ఇంటికొచ్చేసరికి గేటు తీసే ఉంది. పెరట్లో ఆమె మెట్టు మీద కూర్చుని, అటు తిరిగి, బ్లౌజులకు దారాలు కత్తిరిస్తోంది. కాళ్ళ దగ్గర కుక్క ఆమె మొహంలోకి చూస్తోంది. ఆమె మాట్లాడుతోంది. తిట్టడం లేదు. మామూలుగా, నెమ్మదిగా, ఆ సన్నని గొంతుతో.

“మెట్లెక్కితే చాలు, మోకాళ్ళు గుంజుతున్నయ్. కుట్టు మిషను తొక్కి తొక్కి గిట్లయిందంటవా? ఎవలకు చెప్పాలె చెప్పు. ఆ మనిషికి చెప్తే ‘ఆఁ?’ అంటడు. మల్ల చెప్తే మల్ల ‘ఆఁ?’ అంటడు. మూడోపారి చెప్పేసరికి నొప్పి కూడ పాతగైతది. పొద్దుగాల ఒకామె వచ్చి, బ్లౌజు ఇరుకైందని లొల్లి. ఇరుకైంది బ్లౌజా, నువ్వు లావైనవా అనబోయిన. ఊకున్న. గివన్ని ఇంటికొచ్చి చెప్పుకుంటె నవ్వేటోడు ఎనకట.” కాసేపు కత్తెర చప్పుడు. “రేపు పోవాలె. పోబుద్ధి అయితలేదు. ఒక్కమాట ‘ఉండు’ అంటె ఉందును. అంటలేడు.”

ఏదో ఒకటి అనాలి కాబట్టి, నోటికొచ్చింది అన్నాను.

“చెవిటి కుక్కకు చెప్తే ఏమొస్తదే?”

“పదేండ్ల సంది నీకు చెప్తలేనా? నాకేమొచ్చింది?” అంది వెనక్కి తిరగకుండానే, అదే నెమ్మది గొంతుతో.

కత్తెర ఆగింది. ఆమె మెల్లగా తిరిగి నా మొహం చూసింది, తర్వాత నా చెవి చూసింది.

“ఎప్పటి సంది ఇంటున్నవ్?”

“మోకాళ్ళ కాడి నుంచి.”

ఆమె కళ్ళనిండా నీళ్ళు. నాకూ అంతే. కుక్కకు ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఉండు” అన్నాను. “మొదటి సంది చెప్పు, ఇంట.”

“ఏ మొదలు? పొద్దటిదా, పదేండ్ల కిందిదా?”

“పదేండ్ల కిందిదే.”

చెప్పులు విప్పి, కుక్కను కొంచెం పక్కకు జరిపి, దాని చోట్లో కూర్చున్నాను.